పంచాంగానికి గంటన్నర వెనక

ఇది ఒక మహాకావ్యం. ఇందులో సముద్రం దాటడం ఉంది, రక్తం ఉంది, చెర ఉంది. నక్షత్రాలు కల్పించుకుని ఒక ఆడపిల్ల తలరాత తేల్చడం ఉంది. ఆఖరికి ఒక సామ్రాజ్యం జెండా దించుకుని ఇంటికి పోవడం కూడా ఉంది. చదవబోయేవాళ్లు కాళ్లు కడుక్కుని, దీపం వెలిగించుకుని కూర్చోవచ్చు.

అక్కర్లేదు, లేవండి. సముద్రం దాటింది మా ముత్తాతలు, అదీ చెరుకు కొట్టడానికి. రక్తం పన్నెండేళ్ల పిల్లలకి మామూలుగా వచ్చేదే. చెర అంటే మా ఇంటి వెనకగదిలో ఒక మూల, ఒక చాప. సామ్రాజ్యం వెళ్లిపోయిన మాట నిజమే కానీ, వీధివీధంతా జెండా చూడ్డానికి పోయిన ఆ రోజున నేను ఇంట్లో గారెలకి పప్పు రుబ్బుతున్నాను. వచ్చాక అందరికీ ఆకలేస్తుందట.

పన్నెండో ఏట నా బుర్రకి ఏం జరిగింది, అందులో శరీరం చేసింది ఎంత, మనుషులు చేసింది ఎంత అన్నదే నేను చెప్పబోయేది. కోపంగా చెబుతాను. మధ్యలో నవ్వొస్తే అది నా అలవాటు దోషం, పట్టించుకోకండి.

మా దీవిలో రోజ్ బెల్ సంత దాటాక చెరుకు తోటల్లోకి చీలే దారిలో మా ఊరు. నాన్న చక్కెర మిల్లులో బాయిలర్ దగ్గర పని చేసేవాడు. అమ్మ, మామ్మ, నేను, ఒక మేక. మామ్మ అంటే నాన్న తల్లి. మా ఇంట్లో దేవుడితో తెలుగు, మనుషులతో క్రియోల్, మేకతో భోజ్‌పురి మాట్లాడేవాళ్లం. మేకని అమ్మినవాళ్లు భోజ్‌పురి వాళ్లు, దానికి వేరే భాష రాదు. మామ్మ ఒక్కతే అందరితోనూ తెలుగే మాట్లాడేది, చీనా కొట్టాయనతో కూడా. ఆయన అన్నిటికీ తలూపి ఉప్పు ఇచ్చేవాడు.

వీధి చివర మా మేనమామ ఇల్లు. ఆయన కొడుకు, మా బావ, నాకన్నా ఏడాది పెద్ద. రామభజన జరిగినప్పుడు దీపం చుట్టూ తిరుగుతూ పాడే పిల్లల వరసకి ముందు మేమిద్దరమే. పెద్దవాళ్లు ఒక చరణం అందుకుంటే, తిరిగి అందుకునే గొంతులు మావి. నా గొంతు పెద్దది. శనివారాలు గుడి పక్క రేకుల షెడ్డులో తెలుగు నేర్చుకునేదాన్ని కాబట్టి పాడేదానికి అర్థం కూడా నాకు తెలిసేది. మా బావకి అర్థాలతో పని లేదు. వాడికి డోలక్ ఉంది.

ఆ ఏడాది నాకు కావలసింది ఒక్కటే. ఆరో తరగతి చివర స్కాలర్‌షిప్ పరీక్ష. అది పాసైతే ఆడపిల్లల కాలేజీలో ఉచితంగా చోటు. కాలేజీ అంటే పెద్ద మాట కాదు, మా దేశంలో హైస్కూలుకే ఆ పేరు. పాస్ కాకపోతే అమ్మ వెంట చెరుకు తోటలో గడ్డి పీకడం. వయసు నిబంధన వల్ల మళ్లీ ఏడాది రాయడానికి లేదు. ఉన్నది ఈ ఒక్క సారే.

పరీక్ష పది పదిహేను రోజుల్లో ఉందనగా నేను పెద్దమనిషినయ్యాను.

స్కూల్లోనే. రిక్రియేషన్, అంటే ఆటల విరామం, అయిపోయిందని గంట కొడితే మళ్లీ క్లాసులోకి వచ్చి కూర్చున్నాం. టీచరమ్మ చేతిలో ఒక నారింజ పట్టుకుని తిప్పుతూ భూమి ఎలా తిరుగుతుందో, సూర్యుడు తూర్పు దేశాల వాళ్లకి ముందు, మనకి తర్వాత ఎందుకు కనపడతాడో చెబుతోంది. నా కింద బెంచీ తడిగా తగిలింది. నారింజ రసం ఇంత దూరం చిందిందేమిటా అనుకున్నాను. నా తెలివి అంత.

ఇంటికి పంపించారు. గడపలో మామ్మ చూసింది. అమ్మ చెవిలో చెప్పాల్సిన మాటని వీధికి చెప్పింది.

"ఒలే, మన పిల్ల పెద్దమనిసైందే! రండే! ఓలమ్మో, రండే!"

అప్పటిదాకా నేను చచ్చిపోతున్నానేమో అని భయపడుతున్నాను. చచ్చిపోతే ఇంత సందడి చేయరని ధైర్యం వచ్చింది.

మొగలి లాంటి వకువా ఆకులతో అల్లిన చాప వెనకగది మూల పరిచారు. గది మధ్యలో పిండి బస్తాలు విప్పి కుట్టిన తెర కట్టారు. మామ్మ నియమాలు చెప్పింది. మగవాళ్ల మొహం చూడకూడదు. ఊరగాయ జాడీ ముట్టకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. పళ్లు కనపడేలా నవ్వకూడదు. పరుగెత్తకూడదు. మూల కూర్చున్న మనిషికి పరుగెత్తొద్దని ప్రత్యేకంగా చెప్పడం నాకు బాగా నచ్చింది.

చిమ్మిలి చేయాలన్నారు. నువ్వులున్నాయి, బెల్లం లేదు. కంటికి ఆనినంత మేర చెరుకు ఉన్న దేశంలో బెల్లం లేదు, అంతా చక్కెరై ఓడెక్కి దొరల టీలోకి పోతుంది. చక్కెరతోనే దంచారు. ఇసకలా కరకరలాడింది.

ఆ సాయంత్రం వీధిలో ఆడవాళ్లంతా వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. ఇలాంటప్పుడు పాడాల్సిన పాటలు ఉండేవట. ఏవో ఎవరికీ గుర్తు లేదు. మామ్మకి వాళ్లమ్మ పాడగా విన్న పాట ఒకటి గుర్తుంది. కళ్లు మూసుకుని ఎత్తుకుంది. అందరూ అందుకున్నారు. మా అత్త, అంటే మేనమామ భార్య, ఎక్కెక్కి ఏడ్చింది.

ఆ గదిలో పాట అర్థమైంది నాకొక్కదానికే. మామ్మకి తెలుగు వచ్చు గానీ, చిన్నప్పుడు విన్న ఆ పాటని మంత్రంలా అప్పజెప్పడమే తప్ప మాటలు ఎప్పుడూ పట్టించుకోలేదు. నాగలికి కట్టిన ఎద్దు చాలు మధ్యలో పడుకుండిపోయింది. దున్నేవాడు దాన్ని లేవమని బతిమాలి, లేవకపోయేసరికి దాని తల్లినీ తండ్రినీ తిడుతున్నాడు. చివరి చరణంలో కర్ర తెస్తానంటాడు. ఆ పాటకి నా మీద పసుపునీళ్లు చల్లి, నా బుగ్గన చుక్క పెట్టి, కొంగులతో కళ్లు తుడుచుకున్నారు.

"ఏటే ఆ ఇకఇకలు?" అంది మామ్మ.

"ఏం లేదు మామ్మా. ఎద్దు లేచిందా లేదా అని."

"ఏ ఎద్దే?"

"పాటలోది."

మామ్మ అమ్మ వైపు తిరిగింది. "పిల్లకి జొరం తగిలినట్టుంది, సూడు."

ఇంతవరకూ నాకు కోపం లేదు. వింతగా ఉంది, అంతే. కోపం తర్వాత వచ్చింది, మా బావ గొంతు పగిలాక.

సరిగ్గా ఆ రోజుల్లోనే పగిలింది. మా ముందు వాకిట్లో భజన సాధన చేస్తున్నారు. నేను తెర వెనక. బావ చరణం అందుకున్నాడు. సగం గొంతు పైకి పోయింది, సగం బావిలో పడింది. పెద్దవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. ఎంత ప్రేమగా నవ్వారో. మిరియాల పాలు తెప్పించారు. "ఆగరా అబ్బాయ్, కొన్నాళ్లు ఆగితే సింహం గొంతు వస్తుంది" అన్నారు. వాడి చోటు వాడికి అట్టే పెట్టారు. పాడకపోయినా దీపం చుట్టూ ముందు వాడే నడవాలి.

నా గొంతుకి ఏమీ కాలేదు. అది ఉన్నచోటే, ఉన్నట్టే ఉంది. దాని చోటు మాత్రం ఆ రోజే ఇంకో పిల్లకి ఇచ్చేశారు. దానికి తొమ్మిదేళ్లు, శ్రుతి లేదు.

ఆ వారంలోనే బావ ఎవరో ఏదో అన్నారని డోలక్ తన్నాడు. చీనా కొట్టు కిటికీ అద్దం మీద రాయి వేశాడు. మావయ్య కొట్టాయనతో మాట్లాడి సర్దిచెప్పి వచ్చి, మీసం దువ్వుకుంటూ మా వాకిట్లో కూర్చుని, "వయసొచ్చింది వెధవకి!" అన్నాడు, ఉద్యోగం వచ్చిందన్నట్టు.

ఆ సాయంత్రమే నేను అన్నం పళ్లెం విసిరేశాను. నాక్కూడా ఎందుకో తెలియదు. ఒంట్లో ఏదో ఉడికి, గొంతు దాకా వచ్చి, చేతుల్లోకి దిగింది. పళ్లెం పోయి పెరట్లో మేకకి తగిలింది. మామ్మ ఎండుమిరపకాయలు తెచ్చి నా చుట్టూ తిప్పి నిప్పులో వేసింది. మెడకి నల్లదారం కట్టింది. ఒకే వారం, ఒకే వీధి, ఒకే మంట. వాడికి వయసు వచ్చింది, నాకు దెయ్యం పట్టింది.

ఈ మంట సంగతి చాలా ఏళ్ల తర్వాత చదివాను. నేను డాక్టర్ని కాను, అర్థమైనంత చెబుతాను. మెదడు అడుగున ఒక చిన్న భాగం ఒకనాడు కబురు పంపుతుంది. ఒంట్లో గ్రంథులు లేచి రక్తంలోకి హార్మోన్లు వదులుతాయి. మాట్లాడేవాళ్లంతా ఇక్కడ ఆగి సిగ్గుపడతారు. మీసం, రొమ్ము, మొటిమ, అయిపోయింది. కానీ ఆ రక్తమే తిరిగి మెదడుకీ పోతుంది. కబురు పంపిన ఇంటికే వరద వస్తుంది. ఆ వరదలో మెదడు మళ్లీ కట్టుకోవడం మొదలుపెడుతుంది. అంతకుముందు పట్టని విషయాల మీద చెవులు రిక్కిస్తుంది. నన్నెవరు చూస్తున్నారు, గుంపులో నా చోటెక్కడ, ఎవరు మెచ్చుకుంటారు, ఎవరు నవ్వుతారు. అప్పటిదాకా చర్మం మీద ఆగిన సిగ్గు ఇప్పుడు ఎముకలోకి దిగుతుంది. మెప్పు కూడా అంతే. ఆ రోజుల్లో ఏది మళ్లీమళ్లీ చేస్తామో, మన చేత చేయిస్తారో, అది తొందరగా గట్టిపడి మనిషి స్వభావంలా కూర్చుంటుంది.

మా ఇంట్లో కొత్తగది వేసినప్పుడు సిమెంటు ఆరకముందే ఒక కోడి నేల మీద నడిచిపోయింది. ఈ రోజుకీ ఆ గది నేల మీద కోడికాళ్లు ఉన్నాయి. కోడిని ఎప్పుడో తినేశాం. శాస్త్రం తెలిసినవాళ్లు ఇంత మొరటుగా చెప్పరు. గట్టిపడింది తర్వాత మారదని ఏమీ లేదని, మారుతుందని వాళ్లు అంటారు. మారుతుంది, గునపం కావాలి.

నాకు ప్రయోగశాల లేదు. ఉన్నవి రెండే జంతువులు, నేనూ మా బావా. ఒకే తాత మనవలం, ఒకే అన్నం, ఒకే పాటలు. ఇద్దరికీ సిమెంటు ఒకేసారి కలిపారు. అందులో కాలు పెట్టింది మాత్రం కోళ్లు కాదు.

ఆ ఆదివారం పంతులుగారు వచ్చారు. ఆయన వారమంతా ఎస్టేటులో చెరుకు బళ్లు తూకం వేసేవారు, ఆదివారం పంతులుగారు. చంకలో పంచాంగం. అది ఇండియా నుంచి ఓడలో వచ్చేసరికి సగం సంవత్సరం అయిపోయేది. దాని కోసం ఊరంతా కనిపెట్టుకుని ఉండేవాళ్లు. అందులో ఆడపిల్ల పెద్దమనిషైన ఘడియకి ఏ నక్షత్రం ఉంటే ఏం జరుగుతుందో రాసి ఉంటుంది. అచ్చులో ఉంటుంది కాబట్టి దానికి తిరుగు లేదు.

తెరకి అవతల బల్ల మీద పంతులుగారు, నాన్న, మావయ్య. మావయ్య పక్కన బావ నిలబడ్డాడు. వాడెందుకు వచ్చాడని ఎవరూ అడగలేదు. మా అత్త వంటింట్లో టీ కాస్తోంది.

"ఏ టైముకి?" అన్నారు పంతులుగారు, నాన్నని.

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ మామ్మ వైపు చూసింది. మామ్మ తెరలోకి తల పెట్టి నన్ను అడిగింది. "పదిన్నర దాటాక, రిక్రియేషన్ అయిపోయింది" అన్నాను. మామ్మ అమ్మకి, అమ్మ నాన్నకి, నాన్న పంతులుగారికి చెప్పారు. ఆయన కూర్చున్నది నాకు నాలుగు మూరల దూరంలో.

పంతులుగారు పేజీ తిప్పారు. వేలు ఒకచోట ఆగింది.

"అయ్యో. కృత్తిక."

"మంచిది కాదా?" అన్నాడు నాన్న.

"పదకొండున్నర దాకా కృత్తికే ఉంది నాయనా. మంచి చెప్పట్లేదు. మొగుడికి కీడట."

"ఏ మొగుడికి?" అన్నాడు మావయ్య. అందరూ ఒక్కసారి మా బావ వైపు చూశారు. తెర కంతలోంచి నేనూ చూశాను. బావ ఒకడుగు వెనక్కి వేశాడు.

శాంతి చేయించాలన్నారు పంతులుగారు. వచ్చే నెలలో గాని మంచి రోజు లేదు. అది జరిగేదాకా స్నానం లేదు, పిల్ల గడప దాటడానికి లేదు.

"పరీక్ష ఉంది పంతులుగారూ" అన్నాడు నాన్న. "స్కాలర్‌షిప్పు. ఈ ఏడు దాటితే వయసు అయిపోతుంది."

"అలే, పోనీండి బావగారూ!" అన్నాడు మావయ్య. "ఆడపిల్ల. లెక్కలొస్తున్నాయి, పేరు రాయడం వస్తుంది. ఇంకెంత చదవాలి? నా కొడుకు ప్రాణం కన్నా పరీక్ష ఎక్కువా?"

నాన్న మంచివాడు. బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లకి ఎప్పుడు వాల్వు తిప్పాలో, ఎప్పుడు ఊరుకోవాలో తెలుస్తుంది. ఆయన ఊరుకోవడం ఎంచుకున్నాడు. ఇంకొక్క నిమిషం ఆగితే నా చదువు అయిపోతుంది, అందరూ టీ తాగుతారు.

"పంతులుగారూ," అన్నాను. "ఆ పదకొండున్నర ఎక్కడిదండీ?"

పంతులుగారు పంచాంగం దగ్గరికి లాక్కున్నారు.

"ఎక్కడిదంటే?" అన్నారాయన, తెరకేసి కాదు, పుస్తకానికేసి చూస్తూ.

"ఆ పుస్తకం ఎక్కడ అచ్చేశారు?"

"ఇండియాలో. బెజవాడలో."

"బెజవాడలో పదకొండున్నర అయినప్పుడు మనకి ఇక్కడ పదేనండీ. గంటన్నర తేడా. నాకు ఇక్కడ పదిన్నర దాటినప్పుడు అక్కడ పన్నెండు దాటేసింది. వాళ్లు అన్నాలకి కూర్చున్నారు. మీ కృత్తిక ఎప్పుడో వెళ్లిపోయింది."

మావయ్య వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తర్వాత నాన్న నెమ్మదిగా అన్నాడు, "మిల్లులో రేడియోకి ఇండియా తగిలినప్పుడు వాళ్ల టైము మనకన్నా ముందే ఉంటుంది. నిజమే."

పంతులుగారి వేలు ఒక గడి కిందికి దిగింది.

"రోహిణి" అన్నారు.

"అదెలాంటిది?"

"దివ్యమైనది. ధాన్యం, సంతానం, మొగుడికి నిండు నూరేళ్లు."

బావ ఒకడుగు ముందుకు వచ్చి పాత చోట్లో నిలబడ్డాడు.

అప్పుడు లేచింది మామ్మ. "అయితే ఇన్నేళ్లూ? మా పెళ్లిళ్లు? పిల్లల జాతకాలు? అయన్నీ ఏటి పంతులూ?"

"నా ముహూర్తం కూడా ఇలాంటి పుస్తకం చూసే పెట్టారుగా" అన్నాడు మావయ్య, మొహం కొద్దిగా పాలిపోయి.

వంటింట్లోంచి మా అత్త కేక. "అయ్యో బోంజే, దేవుడా! అదీ సంగతి! నేనింకా నా ఖర్మ అనుకుంటున్నా!"

పంతులుగారు పంచాంగం మూశారు. నాకు అప్పటికే ఆశ పుట్టింది. పుస్తకం తప్పయితే అన్నీ తప్పే కదా, తెర తప్పు, చాప తప్పు, మూల తప్పు. ఇప్పుడు ఎవరో లేచి ఆ తెర పీకేస్తారు.

ఆయన పుస్తకం తిరిగి చంకలో పెట్టుకున్నారు. "ఈ సవరణ ఈ పిల్ల వరకే" అన్నారు. "ఊళ్లో అనకండి."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ మాటకి నేను ఈ రోజుకీ మండుతున్నాను. నా శరీరం నా ఇష్టం, నా పరీక్ష నా ఇష్టం అని గెలవలేదు నేను. ఒక పిచ్చిలెక్కని ఇంకాస్త సరైన పిచ్చిలెక్కతో కొట్టి గెలిచాను. ఆ గంటన్నర అటు కాకుండా ఇటు పడి ఉంటే, నిజం చెప్పి కూడా ఓడిపోయేదాన్ని.

అదైనా సరే. అసలు పాఠం ఆ తర్వాత నిమిషంలో జరిగింది.

"పంతులుగారి లెక్క తప్పు! తప్పు లెక్క!" అన్నాడు మా బావ, పగిలిన గొంతుతో, నవ్వుతూ. నేను చెప్పిన మాటే. కొత్తగా ఏమీ కలపలేదు. మావయ్య వాడి వీపు చరిచాడు. "చూశారా, మొహం మీద చెప్పేస్తాడు వెధవ! లీడరవుతాడు వీడు." పంతులుగారు కూడా నవ్వారు.

తర్వాత మావయ్య తెరకేసి తిరిగాడు. గొంతు మారిపోయింది. "కోడలా, ఇదే ఆఖరు. మగాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో నోరెత్తడం ఇదే ఆఖరు. తెలిసిందా?"

"ఆ నాలిక సూడు, ఏ ఇంట్లో పెడతాదో ఇది నిప్పు" అంది మామ్మ.

"చాల్లే. లోపలికి పో" అన్నాడు నాన్న.

నేను లోపలే ఉన్నాను. అంతకన్నా లోపలికి పోవాలంటే మేక దగ్గరికి పోవాలి. ఆ మాట అనబోయి ఊరుకున్నాను. నా జీవితంలో మొదటిసారి నోటిదాకా వచ్చిన మాటని మింగడం అదే. చెవులు వేడెక్కాయి, మెడ దానంతటదే వంగింది. ఎవరూ చూడని చోట, చీకటి మూలలో, నా మెడ వంగింది. సిమెంటు పచ్చిగా ఉంది. ఎవరి కాలో లోతుగా దిగింది.

ఒప్పందం కుదిరింది. స్నానం ఆ గురువారమే. తర్వాత స్కూలుకి పోవచ్చు, పరీక్ష రాయవచ్చు. భజనలో దీపం చుట్టూ తిరగడం మాత్రం ఇక లేదు. ఆడవాళ్ల వరసలో వెనక కూర్చుని చప్పట్లు కొట్టొచ్చు. మగవాళ్ల ముందు నోరు విప్పకూడదు.

ఇప్పుడు నేను విమానాశ్రయం పక్కన ప్లేన్ మాన్యెన్ అనే ఊళ్లో చిన్నపిల్లలకి పాఠాలు చెబుతున్నాను. విమానాలు నెత్తి మీదుగా పోతుంటాయి కాబట్టి ఎక్కాలు గట్టిగా అరిచి చెప్పించాలి. పిల్లల ముందు నా గొంతు విమానాన్ని కూడా ఆపుతుంది. ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోకి వస్తే చాలు, మెడ వంగుతుంది. నేను వంచను, అదే వంగుతుంది. టీచర్ల మీటింగులో చెప్పాల్సిన వాక్యం నా దగ్గర తయారుగా ఉంటుంది. నాలుక తెర కోసం వెతుక్కుంటుంది. పక్క కుర్చీలో మాస్టారికి మెల్లిగా చెబుతాను. ఆయన నవ్వి, అదే మాట గట్టిగా అంటాడు. గదంతా నవ్వుతుంది. ఆయనకి చాలా హాస్యప్రియుడని పేరు. నేను హాస్యం అనుకుంటున్నదంతా ఆ తెర వెనక నేర్చుకున్నదే. కంతలోంచి చూసి, పక్కకి తిరిగి, ఎవరికీ వినపడనంత మెల్లిగా.

మా బావ నిజంగానే లీడరయ్యాడు, లారీ దాకా. స్వాతంత్ర్యానికి ముందటి ఎన్నికల్లో లౌడ్‌స్పీకర్ కట్టిన లారీ ఎక్కి రోజ్ బెల్ నుంచి సముద్రం దాకా అరిచాడు. ఏ పార్టీకి అన్నది ముఖ్యం కాదు. వాడికీ కాదు. సింహం గొంతు వచ్చింది, దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాలి. పెళ్లి మాంటాన్ బ్లాంష్ ఊరి అమ్మాయితో అయింది. నా రోహిణి వాడికి పనికి రాలేదు. కాదన్న మాట వింటే పళ్లాలు విసురుతాడు. ఇప్పుడు వాటిని విసిరితే వయసని కూడా ఎవరూ అనడం లేదు, భార్య ఏరుకుంటుంది, అంతే.

ఆమధ్య ఒక సాయంత్రం మా వాకిట్లో కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు.

"ఏయ్, నీకో సంగతి చెప్పనా. నాకు ఏడుపొస్తే ఏం చేయాలో తెలియదు. తన్నబుద్ధవుతుంది. ఎప్పట్నుంచో."

"గొంతు పగిలినప్పటి నుంచి" అన్నాను.

"అంతేనేమో. అప్పుడు ఎవరూ వద్దనలేదు."

"మిరియాల పాలు కాచనా బావా?"

నవ్వాడు. వెంటనే కళ్లు తుడుచుకున్నాడు. నేను మేక వైపు చూస్తూ కూర్చున్నాను. వాడికి అది ఇబ్బందిగా ఉంటుందని. మగవాడి కన్నీళ్లు చూడకుండా ఉండటం కూడా నాకు బాగానే నేర్పారు.

నా కోపం హార్మోన్ల మీద కాదు. వాటికి చెప్పింది అవి చేశాయి. మా బావ మీద కూడా పెద్దగా లేదు. మొన్న మా స్కూల్లో ఒక పెద్దాయన, చదువుకున్న మనిషి, టీ తాగుతూ అన్నాడు: ఆడవాళ్లకి అణకువ సహజమండీ, మగవాళ్లకి దూకుడు సహజమండీ, రక్తంలోనే ఉంటుంది. నా కోపం ఆ సహజం మీద. పచ్చి సిమెంటులో కాలు పెట్టి, ఆరేదాకా తీయకుండా నిలబడి, తర్వాత ఆ గుంట చూపించి సిమెంటు స్వభావమే అంత అంటారు. ఆయనకి జవాబు చెప్పాను. పక్కనున్న మాస్టారి చెవిలో చెప్పాను. ఆయనెందుకో ఈసారి గట్టిగా అనలేదు.

ఆ గురువారం మా అత్త నా నెత్తిన పసుపునీళ్లు పోసింది. మళ్లీ ఎద్దు పాట పాడారు. మావయ్య పెట్టిన పరికిణీ కట్టారు, చీరకి ఇంకా ఎత్తు చాలదని. శుక్రవారం పొద్దున స్కూలుకి బయల్దేరాను. నోరు మూసుకోవడం, తల వంచుకోవడం, పరుగెత్తకపోవడం, అన్నీ ఒప్పుకుని కొనుక్కున్న స్కూలు. చదవకుండా పోయిన పాఠాలన్నీ దారి పొడవునా మనసులో తిప్పుకున్నాను. తల దించుకుని నడవడం వల్ల ఊళ్లో ఎవరెవరికి ఎలాంటి చెప్పులున్నాయో తెలిసింది. క్లాసు గుమ్మంలో ఆగాను.

"వచ్చావా," అంది టీచరమ్మ, బోర్డు తుడుస్తూ. "కంగారేం లేదు. మన వైపు స్కూళ్లన్నిటికీ పరీక్ష వాయిదా వేశారు. పోయిన తుఫానుకి హాలు పైకప్పు లేచిపోయింది కదా, దాని రేకులు ఇంకా రేవులోనే ఉన్నాయట."

కృత్తిక శాంతికి పంతులుగారు మొదట చెప్పిన రోజు దాటాక, మరో వారానికి గాని రేకులు రాలేదు, పరీక్ష జరగలేదు.